జోడు లేని జోడు

సఫోక్‌లో, బార్లీ చేల మధ్య
నడుం వంగిన ఇల్లు.
వానొస్తే పొయ్యిలోకి మసినీళ్ళు కారుతున్నాయని
మిసెస్ థర్లో ఫోన్ చేసింది.
కల్లమ్ నిచ్చెన పట్టుకున్నాడు.
సన్నగా ఉన్నదాన్ని కదా,
పొగగొట్టంలోకి దూరింది నేనే.

భుజమంత లోతున ఒక ఇటుక
ఊడబోయే పాలపన్నులా కదిలింది.
వెనక చిన్న గూడు.
చేతికి మెత్తగా తగిలితే
చచ్చిన పిట్ట అనుకున్నాను.

వెలుగులోకి తెస్తే బూటు.
నా అరచేతిలో ఇమిడేంత.
కుట్టు చూస్తే కుడో ఎడమో తెలీదు,
అరుగుదల చెప్పింది ఎడమని.
బొటనవేలి దగ్గర అతుకు,
అతుకు మీద మళ్ళీ అతుకు.
మడమ ఒక పక్కకే అరిగిపోయింది.
కాస్త ఈడ్చి నడిచేదేమో ఆ బిడ్డ.

ముక్కులో కుక్కిన కాగితం
విప్పుతుంటేనే సగం పొడైంది.
మిగతా సగాన్ని మిసెస్ థర్లో
కళ్ళద్దాలు మార్చి మార్చి చదివింది.
కొవ్వొత్తులు... గుడ్లు మూడు...
మేకులవాడికి బాకీ...
మంత్రమేమో అని ఊపిరి బిగబట్టుకున్నాం.
పద్దు!
ఇన్ని తరాలు ఈ ఇంటిని కాసింది
ఎవరో తీర్చని మేకుల బాకీ.

మ్యూజియానికి చెబితే నంబరిస్తారు, అన్నాడు కల్లమ్.
తియ్యకూడదు, అందావిడ.
తలుపుకి గొళ్ళెం ఉంది, కిటికీకి రెక్క ఉంది,
పొగగొట్టానికేముంది?
చెడు ఆ దారినే దిగుతుందట.
బూటు కనబడితే మనిషనుకుని
అందులో దూరుతుందట.
వెనక్కి నడవడం దానికి రాదట.
మా అత్తగారు చెప్పేదిలే, అని నవ్వి
నవ్వు పూర్తికాకుండానే
దూలం వైపు చూసింది.
అక్కడ ఒక చక్రం, చక్రంలో ఆరు రేకల పువ్వు,
ఇనప మొనతో ఎవరో గీసింది.
చుక్కలు పెట్టకుండా వేసిన ముగ్గు.

మా నాన్న లారీ వెనక, బంపరు కింద
ఒంటి చెప్పు ఊగేది.
అనకాపల్లి బెల్లం ఎక్కినా
తుని తమలపాకులెక్కినా
దాని ఊపు దానిదే.
రెండోదేది నాన్నా అంటే
రెండూ ఉంటే నడిచిపోదూ, అనేవాడు.

అదంతా ఇంగ్లీషులో చెప్పబోయాను.
దిష్టి దగ్గర ఆగిపోయాను.
చూపన్నాను, కన్నన్నాను,
ఇరుగు పొరుగన్నాను,
చివరికి నా కన్నే వేలుతో చూపించాను.
ఆవిడ తలూపి
టీ పెట్టడానికి లేచింది.

ఆ బిడ్డ ఏమైందని ఎవరమూ అడగలేదు.
పాదం పెరిగి, పట్టక వదిలేసిందే అయ్యుండాలని
ముగ్గురం ఎవరికి వాళ్ళం అనుకున్నాం.
కల్లమ్ మాత్రం
బూటుని రెండు చేతులతో పట్టుకుని
చాలాసేపు ఇవ్వలేదు.
వాడికి ఇంట్లో నాలుగేళ్ళ కూతురు.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది:
గొట్టంలో దొరికిన వస్తువులు.
కాకి గూడు, అని రాశాను.
అబద్ధం కాదు, అదీ ఉంది.

పద్దు ముక్కని మడిచి ముక్కులోకే తోశాను.
గూట్లో పెట్టబోతూ
గోడ మీది మసి వేలికి రాసుకుని
అరికాలి కింద
ఒక చుక్క పెట్టాను.
కిందినుంచి కల్లమ్ అడిగాడు,
హైమా, ఏం చేస్తున్నావ్ అక్కడ?
ఇటుక సరిచేస్తున్నా, అన్నాను.

సున్నం ఆరేదాకా
వాన రాలేదు.